పదండి.. మన ఊరి కొండకి!

*సెలవులొస్తే దూరపు కొండలే గుర్తొస్తాయి. ఇంటి నుంచి గంట దూరంలోనే ఒక గుట్టో, చెరువుగట్టో, అటవీశాఖ పార్కో మనకోసం ఉంటుంది. పిల్లల చెయ్యి పట్టుకుని, తాతయ్యనీ అమ్మమ్మనీ వెంటబెట్టుకుని ఆ ఒక్క బాటనే ఏడాది పొడవునా మళ్లీ మళ్లీ నడిస్తే.. ఏ విహారయాత్రా ఇవ్వలేనంత సంపద ఇంటికొస్తుంది.*

ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాచలం కొండ దిగువన, తొలిపావంచా దగ్గర నిలబడి చూడాలి. కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టుకుని, జనం కొండ చుట్టూ ప్రదక్షిణ మొదలుపెడతారు. మొత్తం 32 కిలోమీటర్లు. భుజం మీద చంటిబిడ్డతో తండ్రి, నడుముకు కొంగు బిగించిన నాయనమ్మ, నాలుగడుగులు ముందుకు ఉరికి మళ్లీ వెనక్కొచ్చే పిల్లలు. ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా రాత్రంతా ఆ ప్రవాహం సాగుతూనే ఉంటుంది. దారి పొడవునా ఎవరో ఒకరు మజ్జిగ పోస్తారు, పులిహోర పెడతారు.

చైత్ర పౌర్ణమికి నల్లమలలోనూ ఇలాగే. ఏడాదిలో ఆ కొద్దిరోజులే తెరుచుకునే అడవిదారిలో సలేశ్వరం లోయలోకి జనం దిగుతారు. రాళ్లూ వేళ్లూ పట్టుకుంటూ, ‘వస్తున్నాం లింగమయ్యా’ అని కేకలేసుకుంటూ, పసిపిల్లల్ని ఎత్తుకుని, పెద్దవాళ్లను చెయ్యిపట్టి నడిపిస్తూ వెళ్తారు. ఫాల్గుణ పౌర్ణమికి తిరుమల కొండల్లోని తుంబురు తీర్థానికి అడవిలో నడుస్తారు. ఇక అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కని తెలుగు కుటుంబాలు తక్కువ. కార్తీకం వస్తే ఉసిరిచెట్టు కింద విస్తళ్లు పరుచుకుని వనభోజనాలు చేసేదీ మనమే.

ఇంటిల్లిపాదీ కలిసి కొండల్లో, చెట్లల్లో నడవడం మనకు ఎవరో కొత్తగా నేర్పాల్సిన పని కాదు. అయితే ఆ నడక మొక్కులకూ పండగలకూ పరిమితమైపోయింది. మామూలు ఆదివారాల్లోంచి జారిపోయింది. ‘ట్రెక్కింగ్’ అనగానే వీపున పెద్ద సంచీ, చేతిలో కర్ర పట్టుకున్న కుర్రకారు, హిమాలయాలు మాత్రమే కళ్లముందు మెదులుతున్నాయి. ఏడేళ్ల పాపకూ డెబ్బై ఏళ్ల తాతయ్యకూ అందులో చోటు లేదనుకుంటున్నాం. నిజానికి ఆ ఇద్దరూ కలిసి నడవగల బాటలు మన ఊళ్ల పక్కనే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని సొంతం చేసుకోవాలన్నదే ఈ కథనం చెప్పే మాట.

250 కోట్ల ఏళ్ల బండల మీద

హైదరాబాద్ పిల్లలకు ఈ భాగ్యం మరీ దగ్గర్లో ఉంది. నగరం చుట్టూ కనిపించే బండరాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పుట్టడానికి రెండొందల కోట్ల ఏళ్లకు ముందే ఇవి ఉన్నాయి. భూమి లోపల కరిగిన శిల మెల్లగా చల్లారి గ్రానైట్‌గా గట్టిపడింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లపాటు కోతకు గురై తొలగిపోయాక ఇది బయటపడింది. బరువు తగ్గడంతో బండ నిలువుగా, అడ్డంగా పగుళ్లిచ్చింది. ఆ పగుళ్లలోకి వాననీరు దిగింది. నీరు అన్నిటికంటే ముందు అంచులనూ మూలలనూ తినేస్తుంది. అందుకే పలకలుగా చీలిన రాయి కాలం గడిచేకొద్దీ గుండ్రంగా మారింది. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయింది. మిగిలిన గుండ్లు ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చినట్టు నిలిచిపోయాయి. 

‘నాన్నా, అంత పెద్ద రాయి పైకి ఎవరు ఎక్కించారు?’ అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఎవరూ ఎక్కించలేదు, ఉన్నచోటే అలా తయారైందని ఆ బండ పక్కన నిలబెట్టి చెబితే, వాళ్లకు జీవితాంతం గుర్తుండే భూగోళ పాఠం అది. ఖాజాగూడ గుట్టలు, మౌలాలి గుట్ట ఆ పాఠానికి మంచి తరగతి గదులు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ప్రాంగణంలోని పుట్టగొడుగు ఆకారపు రాయిని చూస్తే ప్రకృతి చెక్కుడు పనితనం అర్థమవుతుంది. ఈ రాళ్లను కాపాడుకోవాలని 1996లో ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ కుటుంబాలను కూడా కలుపుకొని ఇలాంటి చోట్లకు నడకలు నిర్వహిస్తూ వస్తోంది. మొదటిసారి వెళ్లేవాళ్లు అలాంటి బృందంతో వెళ్తే దారీ తెలుస్తుంది, ధైర్యమూ వస్తుంది.

చెట్ల నీడ కావాలనుకుంటే నగరం నడిబొడ్డునే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ పార్కు ఉంది. పొద్దున్నే వెళ్తే నెమలి అరుపు వినకుండా తిరిగి రావడం కష్టం. వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి కృష్ణజింకలకు నెలవు. వర్ధమాన మహావీరుడు నిర్యాణం చెంది 2,500 ఏళ్లయిన సందర్భంగా 1975లో దానికి ఆ పేరు పెట్టారు. చిలుకూరు వైపు మృగవని జాతీయ పార్కులో చుక్కల దుప్పులు కనిపిస్తాయి. తెలంగాణ రాష్ట్ర జంతువు ఏదంటే పుస్తకం చూసి చెప్పే పిల్లలకు, దాన్ని పొదల చాటు నుంచి చూపించడం ఎంత ఆనందమో!

కాస్త దూరం వెళ్లగలిగితే వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలున్నాయి. మూసీ నది పుట్టేది అక్కడే. వంతెన మీంచి మురికినీటిని చూసి ముక్కు మూసుకునే పిల్లలకు, అదే నది అడవిలో సన్నటి ఊటగా మొదలయ్యే చోటు చూపించాలి. 1908లో నగరాన్ని ముంచెత్తిన వరద కథ, ఆ తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కథ అక్కడ కూర్చుని చెబితే నగరం వాళ్లకు కొత్తగా అర్థమవుతుంది.

అటు వరంగల్ దారిలో భువనగిరి కోట. ఊరి మధ్యలోంచి ఒక్కసారిగా లేచిన ఏకశిల. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మోస్తున్న కొండ. మెట్లదారిలో ఆగుతూ ఆగుతూ వెళ్తే బడి పిల్లలు హాయిగా ఎక్కేస్తారు. 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు శిఖరం చేరిన ఆనంద్ కుమార్ రాతి మీద పట్టు నేర్చుకుంది ఈ భువనగిరి బండ మీదే. గురుకుల పాఠశాలలో చదువుకున్న ఆ ఇద్దరికీ ఎవరెస్టు దారి ఇక్కడే మొదలైందని మీ పిల్లలకు చెప్పి చూడండి, ‘ఇంకెంత దూరం’ అన్న గొణుగుడు ఠక్కున ఆగిపోతుంది.

కడలి పక్క ఎర్రటి ఇసుక

విశాఖవాసులకు కొండా సముద్రమూ రెండూ పక్కపక్కనే దొరికాయి. జాతీయ రహదారి పక్కనే జూ పార్కుకు ఎదురుగా కంబాలకొండ అభయారణ్యం మొదలవుతుంది. డెబ్బై చదరపు కిలోమీటర్ల తూర్పు కనుమల అడవి అది. పర్యావరణ పార్కులో టికెట్టు తీసుకుని గుర్తించిన బాటల్లో నడవొచ్చు. లారీల హోరు వినిపించే చోటు నుంచి పావుగంట నడిచేసరికి పక్షుల కూతలు తప్ప ఏమీ వినబడవు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు మరో వింత. ఒకప్పుడు సముద్రమట్టం తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి మోసుకొచ్చి ఇక్కడ మేటలు వేసింది. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పొరలా పట్టి అంతటికీ ఎర్రరంగు వచ్చింది. ఆ తర్వాత వానలు కోసిన పాయలు చిన్న చిన్న లోయలయ్యాయి. దక్షిణాసియాలో ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడు, శ్రీలంక తీరాల్లో తప్ప పెద్దగా కనిపించవు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. పిల్లలు ఈ లోయల్లో దాగుడుమూతలు ఆడాలని ఉబలాటపడతారు. కింది బాటల్లో ఎంతసేపైనా తిప్పండి. అంచులెక్కి జారనివ్వకండి. ఒక్క జారుడుకు రాలే ఇసుకను మళ్లీ పైకి చేర్చే గాలి ఇప్పుడు లేదు.

అదే దారిలో తొట్లకొండ. 1976లో నౌకాదళం చేసిన వైమానిక సర్వేలో ఇక్కడి బౌద్ధ అవశేషాలు బయటపడ్డాయి. తర్వాత తవ్వకాల్లో స్తూపాలు, విహారాలు, భిక్షువులు ఉన్న గదులు, రాతిలో తొలిచిన నీటితొట్లు కనిపించాయి. రెండువేల ఏళ్ల కిందటి మనుషులు వాననీటిని ఎలా దాచుకున్నారో ఆ తొట్లు చూపిస్తే చాలు. కొండ మీంచి కనిపించే సముద్రం మీద అప్పట్లో ఏ ఓడలు వెళ్లేవో పిల్లల్నే ఊహించమనండి.

కొండలంటే మోకాళ్లు ఒప్పుకోని పెద్దవాళ్లుంటే కాకినాడ దగ్గర కోరంగి అభయారణ్యం ఉంది. మడచెట్ల నడుమ వేసిన చెక్కబాట మీద ఎవరైనా తీరిగ్గా నడవొచ్చు. బురదలోంచి నిటారుగా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. ఉప్పుబురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేరునే పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. చేపలకూ రొయ్యలకూ ఆ వేళ్ల నీడే ఉయ్యాల. తుపాను గాలుల్ని ఊళ్లమీదికి రాకముందే నిలువరించే గోడా ఆ అడవే. అదృష్టం ఉంటే నీటికుక్కలు ఈదుతూ కనిపిస్తాయి.

బెజవాడవాళ్లకు కొండపల్లి ఖిల్లా, గుంటూరువాళ్లకు కొండవీడు, మదనపల్లె వైపు 4 వేల అడుగులు దాటిన హార్సిలీ హిల్స్, పినాకిని కోసిన లోయ అంచున గండికోట.. ఎవరి దగ్గరిది వాళ్లకుంది. తిరుపతివాళ్లకు శేషాచలమే ఉంది. అక్కడి తలకోనలో 270 అడుగుల జలపాతం కంటే ముందు పిల్లల్ని ఆపేసేది గిల్లతీగ. చెట్ల మీద నుంచి చెట్ల మీదికి పాకే ఆ తీగకు కాసే కాయ పిల్లల చెయ్యంత పొడుగుంటుంది.

ఒకే బాట, ఆరు రుతువులు

ఇన్ని పేర్లు చెప్పింది వీటన్నిటినీ చుట్టేసి రమ్మని కాదు. వీటిలోనో, వీటిలో లేని మీ ఊరి గుట్టల్లోనో ఒకదాన్ని ఎంచుకోండి. కారు దిగి ఫొటో తీసుకుని వచ్చిన చోటు మర్నాటికి మరుపున పడుతుంది. నెలకోసారి నడిచిన బాట మాత్రం చుట్టంలా మారుతుంది. ఎక్కడ మలుపుందో, ఏ బండ మీద కూర్చుంటే గాలి వస్తుందో, ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో తెలుస్తుంది. ‘పోయినసారి ఇక్కడ నీళ్లున్నాయి కదమ్మా, ఏమయ్యాయి?’ అని పిల్లాడు అడిగిన రోజున వాడు ఆ నేలను చదవడం మొదలుపెట్టినట్టే.

మృగశిర కార్తెతో మొదలుపెట్టండి. తొలి జల్లుకు మట్టివాసన లేస్తుంది, నేరేడుపళ్లు రాలి బాటంతా ఊదారంగవుతుంది. ఆరుద్ర కార్తెకు ఎర్రటి మఖమలు గుడ్డ చుట్టుకున్నట్టుండే ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఏడాదిలో కొద్దిరోజులే కనిపించే ఆ పురుగును అరచేతిలో నడిపించుకుని తిరిగి గడ్డిలో వదిలెయ్యడం మన తాతల కాలం నుంచీ ఉన్న ఆట. బండల మీద గుంటల్లో నీళ్లు నిలిచి, తోకకప్పలు ఈదుతుంటాయి. మరికొన్నాళ్లకు ముళ్లపొదల్లో వాక్కాయలు. 

భాద్రపదంలో వినాయక చవితికి పత్రి కోసం బజారుకు పోకుండా ఒకసారి ఈ బాటకు రండి. ఇరవయ్యొక్క పత్రుల్లో ఎన్నిటిని పిల్లలు గుర్తుపడతారో చూడండి. మారేడు, ఉత్తరేణి, రేగు, ఉమ్మెత్త, జిల్లేడు, గరిక, వావిలి, జమ్మి, మద్ది.. పూజలో చదివే పేరు, చెట్టుకున్న ఆకు ఒకటేనని తెలిసినప్పుడు పండక్కే కొత్త వెలుగు. పార్కులో, అభయారణ్యంలో అయితే కోయకూడదు, గుర్తుపడితే చాలు.

ఆశ్వయుజం నాటికి తంగేడు పసుపుపచ్చగా విరబూస్తుంది, గునుగు తెల్లగా తలలూపుతుంది. బతుకమ్మ అంతా ఈ గుట్టల మీద నుంచి, బీళ్ల మీద నుంచి దిగివచ్చిందే. దసరానాడు చూడాల్సిన పాలపిట్టను పంజరంలో కాకుండా కరెంటు తీగ మీదో, ఎండుకొమ్మ మీదో వెతికి చూపించండి. అది రెక్క విప్పితే కనిపించే నీలం ఏ పంజరంలోనూ కనిపించదు. అప్పటికే సీతాఫలాలు కళ్లు తెరుస్తుంటాయి.

కార్తీకంలో వనభోజనం ఎలాగూ ఉంది. హాలు అద్దెకు తీసుకోకుండా మీ బాట దగ్గరే పెట్టుకోండి. చెరువులకు వలసపక్షులు వచ్చే కాలం కూడా అదే. హిమాలయాలు దాటి వచ్చిన బాతుల్ని గట్టు మీంచి చూడొచ్చు. పుష్యంలో మంచు, భోగికి పొయ్యాల్సిన రేగుపళ్లు. ఫాల్గుణంలో ఆకులన్నీ రాల్చి మోదుగ నిప్పుల్లా పూస్తుంది. ఆకులు లేవు కాబట్టి పిట్టలు బాగా కనిపించేదీ ఆ రోజుల్లోనే. మోదుగపూలు నీళ్లలో మరిగించి హోలీ రంగు ఎలా చేసేవారో ఆ సాయంత్రమే ఇంట్లో చేసి చూపించొచ్చు. చైత్ర వైశాఖాల్లో రేల చెట్టు బంగారు జాలర్లు వేలాడదీస్తుంది, అడవి దగ్గరుంటే ఇప్పపువ్వు వాసన, తునికిపళ్ల తీపి. ఎండలు ముదిరాక తెల్లవారుజామున వెళ్లి ఎనిమిదింటికల్లా తిరిగొచ్చెయ్యాలి.

ఈ పేర్లు చాలామంది అమ్మానాన్నలకు తెలియవు. అమ్మమ్మకో తాతయ్యకో తెలుసు. ఏ చిగురు పప్పులో వేస్తారు, ఏ పసరు దెబ్బకు రాస్తారు, ఏ పిట్ట కూస్తే వాన వస్తుందని చెప్పేవారన్నది వాళ్ల దగ్గరే ఉంది. ఇంట్లో సోఫాలో కూర్చున్నప్పుడు ఆ మాటలు రావు. చెట్టు కనబడితేనే వస్తాయి. అందుకే పెద్దవాళ్లను తప్పకుండా తీసుకెళ్లాలి. కొండ చివరిదాకా రాలేకపోయినా మొదటి మర్రిచెట్టు దాకా వస్తే చాలు. ఆ చెట్టు కింద మనవరాలు విన్న ఒక్క మొక్క పేరు మరో యాభై ఏళ్లు బతుకుతుంది.

పిల్లల అడుగే మన అడుగు

పిల్లలతో నడవడానికి ఒకటే సూత్రం. వేగాన్ని నిర్ణయించేది జట్టులో అందరికంటే చిన్నవాళ్లు. ఐదారేళ్ల పిల్లలకు మొదట్లో రెండు కిలోమీటర్లు చాలు, రానుపోను కలిపి. చీమలబారు దగ్గర పది నిమిషాలు కూర్చుండిపోతే కూర్చోనివ్వండి. పెద్దవాళ్లకు శిఖరం ముఖ్యం. పిల్లలకు దారిలో ప్రతిదీ శిఖరమే. ‘తొందరగా పద’ అన్నమాట ఎంత తక్కువ వినబడితే, వచ్చే నెల వాళ్లంత ఉత్సాహంగా బయల్దేరతారు.

పనులు పంచండి. ఒకరు దారి చూపేవాళ్లు, ఒకరు నీళ్లసీసా కాపలా, ఒకరు లెక్కలవాళ్లు. ఎన్ని రకాల ఆకులు, ఎన్ని రకాల కూతలు, ఎన్ని పుట్టలు? చిన్న నోట్‌బుక్కులో తేదీ వేసి చూసింది రాయమనండి, బొమ్మ వెయ్యమనండి. ఏడాది తిరిగేసరికి అది ఆ బాటకు పంచాంగం అవుతుంది. యుక్తవయసు పిల్లలుంటే మ్యాప్ చూసి దారి నిర్ణయించే బాధ్యత, పక్షుల కూతల్ని గుర్తించే యాప్ వాళ్లకప్పగించండి. మిగతా ఫోన్లన్నీ సంచీలోనే ఉండాలి, పెద్దవాళ్లవి కూడా.

తిండి విషయం తేలిక చెయ్యకండి. ఎక్కాక తినబోయే పులిహోర, దద్దోజనం కోసమే చాలామంది పిల్లలు కొండెక్కుతారు. వేరుశనగ పప్పుండలు, జామకాయలు, అరటిపళ్లు, మరమరాలు.. ఏవీ ప్లాస్టిక్ కవర్లలో కాకుండా స్టీలు డబ్బాల్లో పెట్టుకెళ్లండి.

ఈ నడక ఒంటికి చేసే మేలూ చిన్నది కాదు. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు. కళ్ల సంగతి మరీ ముఖ్యం. పగటి వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి రావడం తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. అందుకే తైవాన్ 2010లో బడిపిల్లల్ని రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమం మొదలుపెట్టింది. కొండ మీద దూరాన ఎగిరే గద్దను కళ్లు చికిలించి చూసే పాప తన చూపునూ కాపాడుకుంటోంది.

జాగ్రత్త లేని ప్రేమ సరిపోదు

అడవిని ప్రేమించేవాళ్లు దాని నియమాలనూ గౌరవించాలి. అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో అటవీశాఖ అనుమతి ఉన్న బాటల్లోనే, అనుమతించిన వేళల్లోనే నడవాలి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల చిన్నారి ప్రాణం పోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటాక పిల్లల్ని ఆ దారిలో అనుమతించకుండా ఆంక్షలు పెట్టారు. చిరుతలున్న కొండల్లో పిల్లలు ఎప్పుడూ పెద్దల మధ్యలోనే ఉండాలి, ముందుకు ఉరకకూడదు, వెనకబడకూడదు. పొద్దు వాలకముందే కిందికి దిగెయ్యాలి.

- పాములు: గడ్డిలో, బండల సందుల్లో చేతులు పెట్టకూడదు. పూర్తిగా కప్పే బూట్లు వేసుకోవాలి. ఒకవేళ కాటు పడితే కట్లు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం చెయ్యొద్దు. కాలూ చెయ్యీ కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉండే ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

- తేనెపట్లు: కొండచరియలకు వేలాడే పెద్ద తేనెపట్ల దగ్గర కేకలు, పొగ, ఘాటైన సెంట్లు వద్దు. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని ఆ చోటు వదిలి దూరంగా వెళ్లిపోవాలి.

- నీళ్లు: ఊళ్ల చుట్టూ ఉన్న పాత క్వారీ గుంతలు వానలకు నిండి చెరువుల్లా కనిపిస్తాయి. గట్టు ఉండదు, లోతు తెలియదు. పిల్లల్ని వాటి దరికి పోనివ్వకండి. జలపాతాల దగ్గర పాచిపట్టిన రాళ్ల మీద నిలబడి ఫొటోలు వద్దు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ వరద క్షణాల్లో పెరుగుతుంది.

- కోతులు: తిండి పెట్టకండి. పెట్టినకొద్దీ అవి అడవి తిండి మానేసి మనుషుల మీదికి వస్తాయి.

- సంచీలో: మనిషికి లీటరుకు తగ్గకుండా నీళ్లు, టోపీ, ఓఆర్‌ఎస్ పొట్లాలు, కట్టు గుడ్డ, విజిల్, చిన్న టార్చి, చెత్త వేసుకునేందుకు ఒక ఖాళీ సంచీ. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి బయల్దేరండి.

నడిచేవాళ్లే కాపలాదారులు

ఇన్ని జాగ్రత్తలు పడి, పొద్దున్నే లేచి, పిల్లల్ని లేపి, డబ్బాలు సర్దుకుని వెళ్లడమెందుకంటే ఆరోగ్యం, ఆనందం అన్నవి సగం జవాబులే. మిగతా సగం ఆ కొండ కోసం. 250 కోట్ల ఏళ్లు నిలిచిన బండను పేల్చి కంకర చెయ్యడానికి కొన్ని రోజులు చాలు. హైదరాబాద్ చుట్టూ అలా మాయమైన గుట్టలెన్నో. వాటికింద ఎవరో ఒకరు ఇళ్లు కట్టుకుని బతికినా, వాటి మీద ఎవరూ నడవలేదు. తెలియనిదాని కోసం ఎవరూ బాధపడరు.

తెలిసినచోట కథ వేరుగా ఉంటుంది. 2025లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిలో యంత్రాలు చెట్లను కూల్చినప్పుడు ముందుగా రోడ్డు మీదికి వచ్చింది ఆ నేల పక్కనే చదువుకుంటున్న విశ్వవిద్యాలయ విద్యార్థులు. అక్కడి నెమళ్లనూ జింకలనూ బండలనూ రోజూ చూసినవాళ్లు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఏప్రిల్‌లో చెట్ల నరికివేత ఆగింది. చట్టం పనిచెయ్యడానికి ముందు ఎవరికో ఒకరికి ఆ చోటు పేరు పేరునా తెలిసి ఉండాలి.

మన పిల్లల్లో ఎంతమంది అధికారులవుతారో, ఎంతమంది ఇంజినీర్లవుతారో, ఎవరు రోడ్లు గీస్తారో, ఎవరు కాలనీలకు అనుమతులిస్తారో ఇప్పుడు చెప్పలేం. ఆ సంతకం పెట్టే రోజున మ్యాపులో ‘ఖాళీ స్థలం’ అని రాసి ఉన్నచోట వాళ్లకు తంగేడు పొదలు, ఆరుద్ర పురుగులు, నీళ్లు నిలిచిన బండగుంట గుర్తుకు రావాలి. ఆ జ్ఞాపకం ఏ పాఠ్యపుస్తకంతోనూ రాదు. అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని నడిచిన బాటే ఇస్తుంది.

కాబట్టి ఈరోజే ఇంట్లో అందరూ కూర్చుని ఒక చోటు ఎంచుకోండి. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరండి. తిరిగొచ్చేటప్పుడు దారిలో కనిపించిన చెత్త ఒక సంచీడు ఏరుకురండి. ఆ మరుసటి నెల మళ్లీ అక్కడికే వెళ్లండి. పక్కింటివాళ్లను కూడా రమ్మనండి. ఒక గుట్టకు నాలుగు కుటుంబాలు చుట్టాలైతే చాలు, దాని జోలికొచ్చేవాళ్లు ఒకటికి పదిసార్లు ఆలోచిస్తారు.